ఐమూల కోసిన బట్ట

మా అత్త గంగుబాయి మెచ్చుకున్న వస్తువు జోడ్‌భావి పేట్‌లో ఇంకా పుట్టలేదని మా మామ పెంటప్ప అనేవాడు, ఆమె వినకుండా. పక్కింటివాళ్లు నేసిన చద్దరు చూపిస్తే అంచు వంకర అనేది. గుళ్లో ప్రసాదం చేతిలో పెడితే బెల్లం తక్కువ అనేది. నేను కోడలిగా వచ్చిన కొత్తలో నా చేతి జొన్నరొట్టె ఎత్తి వెలుతురుకు పట్టి, "ఇది రొట్టెనా, తాలూకా నక్షానా?" అంది. అటువంటి మనిషిని చూసి నేను నోరు తెరుచుకుని నిలబడ్డ ఎండాకాలం ఒకటి ఉంది. అప్పటికి పెద్ద యుద్ధం ఇంకా మొదలు కాలేదు. పెళ్లిళ్ల రోజులు, సోలాపూర్ ఎండ నెత్తిన నిప్పులు పోస్తోంది.

ఒక పగటిపూట మా ఆయన విఠల్, చద్దరులో చుట్టిన పెద్ద మూట నెత్తిన పెట్టుకుని ఇంట్లోకి వచ్చాడు. మగ్గం గదిలో దింపి చద్దరు విప్పాడు. మోటారు బండి వెనక సీటు. ముదురు గోధుమ రంగు తోలు, నడిమధ్యన ఒక చీలిక. జానెడు చీలిక కాదు, ఈ కొస నుంచి ఆ కొస దాకా. లోపల కుక్కిన గుర్రపు వెంట్రుకలు బయటికి చూస్తున్నాయి.

"ఏంద్రా ఇది?" అంది మా అత్త.

"సీటవ్వా. సావుకారుది."

"సీటని నాకు గూడ కండ్లున్నయి. నా ఇంట్లకెందుకొచ్చింది?"

మా ఆయన మగ్గం గుంతలో కాళ్లు పెట్టి కూర్చోవాల్సిన వంశంలో పుట్టి, మోటారు తోలడం నేర్చుకున్నాడు. నూలు వ్యాపారం చేసే రామచంద్రం సావుకారు దగ్గర డ్రైవరు. సావుకారు బొంబాయి వెళ్లాడు. ఆయన లేనప్పుడు కుంఠా నాకా దగ్గర ఎవరో పెళ్లి బాజా వాళ్లు కొత్త పాట సాధన చేస్తుంటే, మా ఆయన బండిని ఎర్రటి ఎండలో, పైకప్పు తీసి అలాగే వదిలి, వింటూ నిలబడిపోయాడు. బాజా అంటే ఆయనకు అంత పిచ్చి. తిరిగొచ్చాక సావుకారుగారి నూలు దలాలు ఒకాయన, మంచి బరువైన మనిషి, ఎక్కి కూర్చున్నాడు. ఎండకు ఎండిన తోలు అప్పడం విరిగినట్టు పటపటమంది.

"శుక్రారం సావుకారు వస్తడు. బొంబాయికెళ్లి వియ్యాలోళ్లను తోలుకొని వస్తడు," అన్నాడు మా ఆయన. "స్టేషన్ల దిగి వాళ్లు కూసునేది దీని మీదనే. తలుపు మీద జర గీత వడ్డదని నా ముందటి డ్రైవర్ను ఎల్లగొట్టిండు. నన్నుంచుతడా?"

"ఉంచకుంటె ఇంకోకాడ చేరుతవు."

"గల్లికొక మోటారున్నదా అవ్వా, చేరుటానికి? మనయి రెండు మగ్గాలల్ల ఒకటి ఉత్తగనే ఉండె. ఇగ బొంబాయే."

బొంబాయి పేరు మా ఇంట్లో ఎవరూ పలికేవాళ్లు కాదు. మా పెద్ద బావ జనార్దన్ బొంబాయి మిల్లుకు పోయాడు. మొదట్లో ప్రతి పండక్కీ వచ్చాడు, ఆ తర్వాత ఉత్తరాలు వచ్చాయి, ఆ తర్వాత ఏమీ రాలేదు. ఎప్పుడైనా వాకిట్లో కొత్త చెప్పుల చప్పుడు వినిపిస్తే మా అత్త చేతిలో పని ఆగిపోయేది. నా సంగతి చెప్పాలంటే, అప్పటికి పెళ్లయి ఏడాది కాలేదు. సాయంత్రం ఇంటికి రాగానే నోటితో బాజా వాయించి నన్ను నవ్వించే మనిషిని రైలెక్కించి, ఈ ఇంట్లో నేనొక్కదాన్ని ఉండటమా?

మా మామ గుంతలోంచి లేవకుండానే అన్నాడు: "ముందుగాల దాన్ని బయట పెట్టు. తోలు సామాను మగ్గం కాడ పెడ్తరా ఎవలన్న?"

మా అత్త ఆయన వైపు తిరిగింది. "పొద్దుందాక గుంజుతవు గద ఆ పికరు, అది ఏ చెట్టుకు కాసిందయ్యా?"

నాడెను అటూ ఇటూ కొట్టే తోలు ముక్కను పికరంటారు. ప్రతి మగ్గానికీ ఉంటుంది. దున్నపోతు తోలుతో చేస్తారు. పేట మొత్తం దాన్ని పట్టుకునే బతుకుతున్నా, అది తోలన్న ఆలోచన ఎవరికీ వచ్చినట్టు లేదు. మా మామ పికరు వంక కొత్తగా చూశాడు. సీటు అక్కడే ఉండిపోయింది.

"కొంతం చౌక్ కాడ అంబాదాసును అడిగిన. కుట్టనన్నడు," అన్నాడు మా ఆయన.

"ఎందుకు కుట్టడు? సూది లేదా వాని కాడ? నడువు వసంతా," అంటూ మా అత్త కొంగు బిగించింది.

అంబాదాసు టాంగా గుర్రాలకు జీన్లు, జనానికి చెప్పులు కుట్టేవాడు. రేకు నీడలో కూర్చుని, నెరిసిన మీసం కింద మేకులు పట్టుకుని పని చేసేవాడు. మరాఠీ మనిషే అయినా మా పేటవాళ్ల మధ్య పుట్టి పెరిగినందువల్ల మా తెలుగు మాకంటే నిమ్మళంగా మాట్లాడేవాడు. మా అత్తను మాత్రం మరాఠీలో మావశీ, అంటే పిన్నీ, అని పిలిచేవాడు. మా అత్త వెళ్లి నిలబడి, ఎందుకు కుట్టవని దబాయించింది. అతను ఎండిన తోలు పేలిక ఒకటి తీసి, ఆరెతో వరసగా బెజ్జాలు పొడిచి, ఆమె ముందు పెట్టాడు.

"గుంజు మావశీ."

మా అత్త గుంజింది. బెజ్జాల వెంబడే అది రెండు ముక్కలైంది.

"సూడు. ఎండిన తోలుకు సూది గుచ్చితె ప్రతి బెజ్జం ఒక చీలికనే. పది దినాలు గూడ ఆగది," అన్నాడు. "నూనె తాగిపియ్యాలె. కిందికెళ్లి బట్ట అతికియ్యాలె. బట్ట మీదికి అంచులను దగ్గరికి తియ్యాలె."

"బట్టనా?" అంది మా అత్త. ఆ ఒక్క మాటతో ఆమె గొంతు మారిపోయింది. బట్ట అయితే అది మా రాజ్యం. "బట్ట మా ఇంట్ల ఉన్నది."

"బట్ట ఉన్నది సరే. సీటు ఈడికి తెస్తె చౌకంత సూస్తది. పొద్దుగూకేలోపట సావుకారు ఇంట్ల తెలుస్తది."

సీటు అతని దగ్గరికి పోలేకపోతే అతనే మా ఇంటికి రావాలి. ఆ మాట అతను అనలేడు, నేను అనకూడదు. తోలుపని చేసేవాళ్లు మా గడప తొక్కే ఆనవాయితీ లేదు. జంధ్యం వేసుకునే కులమని మాకు మహా గొప్ప. చెప్పులు కుట్టించుకున్నా, వాకిట్లో దూరంగా పెట్టించుకుని నీళ్లు చల్లి లోపలికి తీసుకునేవాళ్లం. ఆ నీళ్లు చల్లడంలో మా అత్తను మించిన మనిషి పేటలో లేదు.

ఆమె చీల్చిన తోలు ముక్కను ఒకసారి వేళ్ల మధ్య నలిపి చూసింది. "రేపు పగటాల రా. గల్లి పండుకుంటది అప్పుడు."

"మీ ఇంటికా మావశీ?"

"సీటున్నది నా ఇంట్లనే గద. మరి యాడికొస్తవు?"

మర్నాడు అంబాదాసు వచ్చి గడప అవతల ఆగాడు. లోపలికి రమ్మంటే చెప్పులు విడిచి, తలవంచుకుని, గోడవారగా నడిచి సీటు దగ్గర కూర్చున్నాడు. మా మామ నాడె ఆపేశాడు.

అంబాదాసు కింద కొట్టిన మేకులు పీకి, తోలు మడతవిప్పి, పైన ఆముదం రాశాడు. రాసిన నూనె రాసినట్టే ఇంకిపోయింది. మళ్లీ రాశాడు. "పాపం, ఎన్నొద్దుల దాహమో," అన్నాడు తోలును చూసి. "మా కోడలు నెత్తికి గూడ గింత నూనె పెట్టదు," అంది మా అత్త. ఎక్కడ సందు దొరికినా నన్నొక పోటు పొడవకపోతే ఆమెకు తోచదు.

తర్వాత బట్ట. మా అత్త దండెం మీంచి మగ్గం దిగిన కొత్త చద్దరు తీసి ఇచ్చింది. అంబాదాసు దాన్ని వేళ్లతో తడిమి, "జర మెత్తటిది, పాతది లేదా మావశీ?" అన్నాడు.

"పాతదా? సావుకారు పనికి పాతబట్ట పెడ్తమా? నీళ్లు తగలని బట్ట ఇది. దేవునికి గూడ ఇదే పెడ్తం."

నేతవాళ్లకు నీళ్లు తగిలిన బట్ట పాతబట్టే. మంచి పని ఏది మొదలుపెట్టినా గంజి బిరుసు పోని కొత్త బట్టతోనే మొదలుపెట్టాలి. అది మా అలవాటు, మా గౌరవం. అంబాదాసు ఆమె ముఖం ఒకసారి చూశాడు. సైకిలు పంక్చర్లకు పూసే సొల్యూషన్ డబ్బా తీసి, ఆ కొత్త బట్టే అతికించి, అంచులు దగ్గరికి లాగి, మీద మా పప్పు రుబ్బే రాయి బరువుగా పెట్టి వెళ్లాడు.

మరుసటి రోజు రాయి తీసి మా అత్తే పరీక్షకు కూర్చుంది. ఆమెదీ తక్కువ బరువేమీ కాదు. కూర్చోగానే టప్‌మని చప్పుడైంది. లేచి చూస్తే చీలిక మునుపటికంటే పెద్దగా నోరు తెరిచింది. బట్ట లోపల పొరలా ఊడి వేలాడుతోంది.

మా ఆయన గోడకు చేరగిలబడి కూర్చున్నాడు. కాసేపటికి, "వసంతా, అన్న పంపిన పాత కవరేమన్న ఉన్నదా సూడు. బొంబాయిల ఆయన ఉండే చాళ్ పేరు కావాలె," అన్నాడు. నేను లేవలేదు. లేస్తే ఏడుస్తానని తెలుసు.

మా అత్త సీటులో చెయ్యి పెట్టి ఊడిన బట్ట బయటికి లాగింది. గోటితో గీకింది. గోట్లో తెల్లటి గంజి పొడి చేరింది. దాన్నే చూస్తూ కూర్చుంది.

"తప్పు నాది," అంది. "మెత్తటిది తెమ్మని వాడన్నడు. నేనే ఇనలె. గంజి మీద ఆ మందు యాడ పడ్తది?"

ఆ ఇంట్లో అడుగు పెట్టినప్పటి నుంచీ ఆ నోట "తప్పు నాది" అన్న మాట నేను వినలేదు. మా మామ అయితే పెళ్లినాటి నుంచీ విని ఉండడు. అందుకే ఇద్దరం ఆమె వైపు అనుమానంగా చూశాం, జ్వరమేమైనా వచ్చిందేమోనని. ఆమె మమ్మల్ని పట్టించుకునే స్థితిలో లేదు. బట్టను పడుగు వెంబడి గుంజింది. రాలేదు. పేక వెంబడి గుంజింది. రాలేదు. రెండు ఎదురు మూలలు పట్టుకుని ఐమూలగా గుంజింది. బట్ట సాగింది. వదిలితే మళ్లీ దగ్గరికొచ్చింది. ఇంకోసారి గుంజింది. ఆమె ముఖంలోకి వెలుగు రావడం నేను చూశాను.

"మనిషి కూసుంటె తోలు సాగుతది," అంది నెమ్మదిగా. "తోలు సాగి, బట్ట సాగకుంటె ఊడదా మరి? వసంతా, సోడా ఏసి నీళ్లు కాగపెట్టు."

మిగిలిన చద్దరును సోడా నీళ్లలో ఉడికించి బండ మీద బాదాను. చుక్క గంజి లేకుండా పోయేదాకా బాదించింది నాతో. ఆరాక కత్తెర తీసుకుంది. ఆమె కత్తెరను ఐమూలగా పెట్టడం చూసి మా మామ గుంతలోంచి లేచి వచ్చేశాడు.

"వద్దే, వద్దు! పోగు పోగు తెగుతది. నేసినోణ్ని ఎదురుంగ పెట్టుకొని కోస్తవా?"

ఆయన బాధ నిజమైనదే. బట్టను ఎప్పుడూ పోగు వెంబడి చించడమే తెలిసిన మనిషి. పడుగూ పేకా తిన్నగా నిలబెట్టడానికే ఆయన జన్మంతా సరిపోయింది. ఇప్పుడు తన చేతి నేతను మూల నుంచి మూలకు కోస్తుంటే ఎవరికైనా ప్రాణం ఉసూరుమంటుంది.

"నీ చద్దరు ఇంకోటి నేస్తవు," అంది మా అత్త. "కొడుకును ఇంకొకణ్ని ఇస్తవా?"

మా మామ గోడవైపు తిరిగి నిలబడ్డాడు. కత్తెర చప్పుడు ఆగేదాకా అలాగే ఉన్నాడు. తర్వాత వచ్చి, కోసిన ముక్క తీసుకుని, దారాలు పోకుండా అంచులు తనే సరిచేసి పెట్టాడు.

ఆ పగలు అంబాదాసు మళ్లీ వచ్చాడు. ఈసారి గడప దగ్గర ఆగే వ్యవధి మా అత్త ఇవ్వలేదు. "గుంజు" అంటూ బట్ట చేతిలో పెట్టింది. అతను ఐమూలగా గుంజాడు, వదిలాడు, మళ్లీ గుంజాడు. మీసం కింద నవ్వు వచ్చింది.

"హే బరోబర్, మావశీ! తోలు గూడ గిట్లనే సాగుతది. నాకెవలు చెప్పలే ఇది."

"నాకు మాత్రం ఎవలు చెప్పిన్రు? కానియ్యి."

ఇక ఆ ఇద్దరూ సీటు మీద వంగారు. ఆమె లోపలి నుంచి బట్ట పరుస్తుంటే అతను పైనుంచి తోలు లాగేవాడు. "ఆ కొస గుంజు." "గుంజిన." "ఏం గుంజినవు, ముడత సూడు." "ముడత నీ దిక్కున్నది మావశీ." అంచుకు అంచు తగిలేలా కూర్చి, మధ్యలో మిగిలిన సన్నని సందులో తోలు పొడిని సొల్యూషన్‌తో కలిపి మెదిపి పూశారు. వాళ్లు అలా తగవులాడుకుంటూ పని చేస్తుంటే నేను నా పని మరిచి చూశాను. ఇన్నాళ్లూ ఆమెది వట్టి నోరే అనుకున్నాను. ఆ నోటి వెనక ఇంత గొప్ప చెయ్యి ఉందని ఆరోజే తెలిసింది.

మధ్యలో అంబాదాసు తల ఎత్తకుండానే, "పాణీ," అన్నాడు. మా అత్తా తల ఎత్తకుండానే, "వసంతా, నీళ్లియ్యి," అంది. నేను కుండలోంచి ముంచి, మా లోటాతోనే ఇచ్చాను. అతను ఎత్తిపోసుకుని తాగి, కన్ను పని మీదే ఉంచి, లోటా వెనక్కి చాపాడు. తీసుకున్నాను. మా మామ నన్ను చూశాడు. నేను లోటాను చూశాను. తర్వాత దాన్ని ఎప్పటిలాగే కుండ మీద బోర్లించాను. మా మామ గుంతలోకి దిగి నాడె కొట్టడం మొదలుపెట్టాడు.

అతుకు ఆరాక పాలిపోయిన గీత ఒకటి మిగిలింది. రంగు విషయంలో అంబాదాసు చేతులెత్తేశాడు. మా అత్త తన తమలపాకుల డబ్బా తెరిచి కాచు తీసింది. నూరి, గోరంత సున్నం కలిపి గుడ్డతో అద్దింది. గీత కాస్త ఎక్కువే ఎరుపెక్కింది. ముఖం చిట్లించి, "కరక్కాయ నీళ్లు తే," అంది నాతో.

"కరక్కాయనా?" అన్నాడు అంబాదాసు. "తోలు నానబెట్టుటానికి మేము అదే పెడ్తం."

"నూలుకు రంగు పట్టుటానికి మేము అదే పెడ్తం."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. ఆ నీళ్లు అద్దితే ఎరుపు ముదిరి తోలు రంగుకొచ్చింది; తర్వాత అతను మైనం తీసి రుద్దడం మొదలుపెట్టాడు. మైనం ఆరాక, అతుకు ఎక్కడుందో తెలిసిన నేనే వేలితో వెతుక్కోవాల్సి వచ్చింది.

శుక్రవారం వియ్యంకుడు స్టేషన్‌లో దిగాడు. బరువులో ఆ దలాలుకు అన్న వరస అవుతాడట. ఆయనా, ఆయన భార్యా పండ్ల బుట్టలతో సహా సీటు మీదే వచ్చారు, లగ్నం పెట్టుకుని సీటు మీదే తిరిగి స్టేషనుకు వెళ్లారు. సాయంత్రం మా ఆయన నోటితో బాజా వాయించుకుంటూ ఇల్లు చేరాడు. ఇక గండం గడిచినట్టే అనుకున్నాం.

కానీ మా ఎదురింట్లో యమునాబాయి ఉండేది. కిటికీ దగ్గర కూర్చుని కండెలు చుట్టేది. గల్లీ అంతా నిద్రపోయినా ఆమె నిద్రపోదన్న సంగతి మేము మరిచిపోయాం.

సావుకారు కూతురి పెళ్లికి పసుపు దంచే రోజు వచ్చింది. మా కులంలో ఏ పెళ్లి పసుపుకైనా మొదటి రోకలి పోటు గంగుబాయిది. ఆమె చెయ్యి చల్లని చెయ్యని పేరు. నేను కూడా వెంట వెళ్లాను. రోలుకు దారం చుట్టి, బొట్లు పెట్టి ఉంది. సావుకారు భార్య సుందరాబాయి రోకలి తెచ్చి మా అత్త చేతికి ఇచ్చింది. అప్పుడు యమునాబాయి గొంతు సవరించుకుంది.

"సుందరక్కా, ఇంటికి తోలుపనోన్ని పిలిచి మగ్గం కాడ కూసోబెట్టిన చేతులు. పెండ్లి పసుపుకు పనికొస్తయా, నువ్వే సూడు."

ఆడవాళ్లందరూ మా అత్త చేతుల వంక చూశారు. సుందరాబాయి మంచి మనిషి. మా అత్తకు దారి చూపాలనే చూసింది. "గంగక్కా, ఆ తోలుపనోడు అరుగు మీదనే కూసున్నడు గద? లోపలికి రాలేదు గద? అట్లని ఒక్క మాట చెప్పు, అయిపాయె."

నేను పక్క నుంచి గుసగుసగా అన్నాను: "పికరు బాగుచేయటానికి వచ్చి వాకిట్ల కూసున్నడని చెప్పు అత్తా." సీటు మాట బయటికొస్తే మా ఆయన పని ఆ క్షణమే పోతుంది. సావుకారు ముందు గదిలోనే ఉన్నాడు, తలుపు తెరిచే ఉంది. మా అత్తకు అబద్ధమాడటం చేతగాక కాదు. అవసరమైతే ఎంత నున్నగా ఆడగలదో నాకంటే ఎవరికీ తెలియదు.

ఆమె రోకలి రోలుకు ఆనించింది.

"లోపలికే వచ్చిండు," అంది. "మగ్గం కాడ కూసున్నడు. మా లోటాతోని నీళ్లు తాగిండు. మీ మోటారు సీటు చీలితె ఆయన, నేను కలిసి అతికినం. నా కొడుకు అన్నం నిలబెట్టినోడు నా ఇంట్ల కూసుంటె, మీ ఇంట్లకొచ్చి వాణ్ని అరుగు మీదికి జరుపుత్నా? జరుప."

గొంతు పెంచలేదు. అదే ఆశ్చర్యం. చద్దరు అంచు వంకరన్నా ఊరంతా వినేలా అనే మనిషి, ఈ మాట మాత్రం మామూలుగా చెప్పింది.

రామచంద్రం సావుకారు గుమ్మంలోకి వచ్చాడు. అన్నీ విన్నాడని ముఖమే చెబుతోంది. "సీటు తే," అన్నాడు వాకిట్లో బండి దగ్గరున్న మా ఆయనతో. సీటు తెచ్చి వాకిట్లో పెట్టాడు. సావుకారు దాన్ని పైనుంచి చూశాడు, వేలితో రాశాడు, కనిపెట్టలేకపోయాడు. మేకులు పీకించి తోలు మడత విప్పించాడు. కింద బట్ట కనబడింది.

ఆయన కూడా ఒకప్పుడు గుంత మగ్గం మీద పుట్టి పెరిగినవాడే. కూర్చుని, బట్టను బొటనవేలితో తడిమి, పోగులు ఎటు పోతున్నాయో చూసుకున్నాడు. చాలాసేపు చూశాడు.

"ఐమూల కోసినవా గంగక్కా?"

"అవ్."

"పెంటప్ప కోయనిచ్చిండా?"

"గోడ దిక్కు తిరిగిండు."

సావుకారు ముఖంలో నవ్వు లాంటిది ఒకటి వచ్చి పోయింది. లేచి మా ఆయన వైపు చూశాడు. నేను కళ్లు మూసుకున్నాను.

"విఠల్, బండి నీడకు పెట్టుడు నేర్చుకో," అన్నాడు. "మేకులు కొట్టుకో. గంగక్కను ఇంటికాడ దింపి రా. ఎండ మస్తున్నది."

ఆ బండిలో సావుకారు ఇంటివాళ్లూ, వాళ్ల చుట్టాలూ, వ్యాపారస్తులూ తప్ప ఎవరూ ఎక్కేవాళ్లు కాదు. ఆయన లోపలికి వెళ్లిపోయాడు. మా ఆయన సుత్తి పట్టుకున్నాడు గానీ మేకు ఒక్క దెబ్బకు పడలేదు. నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి.

అయితే డ్రైవరు సంగతి సావుకారు చేతిలో ఉంటుంది, పసుపు సంగతి ఆడవాళ్ల చేతిలో ఉంటుంది. సుందరాబాయి మా అత్త ముఖం చూడలేక, తల దించుకుని, రోకలి తీసుకెళ్లి యమునాబాయికి ఇచ్చింది. మొదటి పోటు పడ్డ చప్పుడు మేము వాకిలి దాటుతుండగా వినిపించింది. మా అత్త అడుగు ఒక్క క్షణం ఆగింది. కొంగుతో ముఖం తుడుచుకుంది. ఎన్ని పెళ్లిళ్లకు పసుపు దంచిన చేతులో అవి. ఆ తర్వాత చాలా ఇళ్లు ఆమెను పసుపుకు పిలవలేదు. ఆమె ఎవరినీ అడగలేదు.

మోటారు ఎక్కి ఆమె ఓ పక్కకు ఒదిగి కూర్చోలేదు. సరిగ్గా అతుకు మీదే, బరువంతా వేసి కూర్చుంది. నేను పక్కన కూర్చున్నాను.

"అవ్వా, ఇంటికేనా?"

"కొంతం చౌక్ మీదికెళ్లి పో."

రేకు నీడలో అంబాదాసు గుర్రపు జీను కుడుతున్నాడు. మోటారు తన ముందు ఆగేసరికి లేచి నిలబడ్డాడు. లోపలున్నది మా అత్త అని చూసి దగ్గరికి వచ్చాడు. ఏం జరిగిందో ఆమె రెండు మాటల్లో చెప్పింది. పసుపు మాట చెప్పలేదు. అతను తలుపు మీంచి చెయ్యి చాపి అతుకును అరచేత్తో అదిమాడు.

"టికేల్ మావశీ," అన్నాడు. నిలబడుతుందని.

"పైకెళ్లి ఒత్తితె ఏం తెలుస్తది? కూసొని సూడు."

అతను చుట్టూ చూశాడు. టాంగావాళ్లు, పాన్ డబ్బా దగ్గర నిలబడ్డవాళ్లు, చద్దర్ల మూటలు మోసేవాళ్లు, అందరూ ఇటే చూస్తున్నారు. మా ఆయన స్టీరింగ్ పట్టుకుని, "అవ్వా, సావుకారుకు తెలిస్తె..." అన్నాడు. ఇప్పుడే నిలబడ్డ పని. నాకూ భయమే వేసింది. ఆ సంగతి సావుకారు చెవిన పడకుండా ఉంటుందా, సాయంత్రానికే పడింది. ఆయన అడగలేదు, మేము చెప్పలేదు. మా ఆయన బొంబాయి పోలేదు, ముసలివాడయ్యేదాకా సోలాపూర్‌లోనే మోటార్లు తోలాడు. కానీ అదంతా ఆ క్షణాన మాకేం తెలుసు?

మా అత్త నా వైపు జరిగింది. నేను తలుపు వైపు జరిగాను. పక్కన చోటు చేసి, అరచేత్తో సీటు మీద కొట్టి చూపించింది.

"సగం చెయ్యి నీది. కూసోవా?"

అంబాదాసు చేతులు ధోతికి తుడుచుకున్నాడు. చెప్పులు విడవబోయి, ఆమె కళ్లెర్రజేస్తే తొడుక్కునే ఎక్కి కూర్చున్నాడు. సీటు కిందికి దిగింది, సాగింది, నిలబడింది. వాళ్లిద్దరూ ముందుకే చూస్తున్నారు.

మా ఆయన బండి కదిలించి వేగం పెంచబోయాడు. మా అత్త వెనక నుంచి ఆయన భుజం మీద తట్టింది.

"మెల్లగ పో. సూడనీ అందర్ని."